మూడు చక్రాల బండి: ఈ వారం వణుకు తగ్గింది

ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. వెనక చక్రానికే హబ్ మోటారు, అంటే చక్రం మధ్యలోనే ఉండే మోటారు. ఉప్పల్లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ బండి తయారై నెలైంది కానీ, 25 కిలోమీటర్ల వేగం దాటితే హ్యాండిల్ గజగజ వణికేది. బేరింగుల కోసం రాణీగంజ్‌కి రెండుసార్లు తిరిగాను. పెట్రోలు దండగ.

చివరికి కారణం టో దగ్గర దొరికింది. టో అంటే ముందు చక్రాలు నిటారుగా కాకుండా కాస్త లోపలికో బయటికో తిరిగి ఉండటం; కాస్త లోపలికి ఉంటే మంచిది. ఖాళీ బండికి ఇరుసు ఎత్తులో టేపు పెట్టి కొలిస్తే, ముందు చక్రాల మధ్య దూరం వెనక అంచుల దగ్గరకన్నా ముందు అంచుల దగ్గర 3 మిల్లీమీటర్లు తక్కువ. బాగానే ఉంది కదా! ఈసారి నేను సీట్లో కూర్చుని మా తమ్ముడితో కొలిపించాను. "అన్నా, ఇప్పుడు ముందు అంచుల దగ్గరే 5 మిల్లీమీటర్లు ఎక్కువుంది" అన్నాడు. నా 68 కిలోలకి అడ్డ పైపు వంగి, చక్రాలు చెరో దిక్కు చూస్తున్నాయి. లాక్ నట్లు వదులు చేసి, రెండు ముందు చక్రాల్ని కలిపే టై రాడ్‌ని సరిగ్గా అర చుట్టు తిప్పాను. ఆ రాడ్ పట్టుకుని చక్రాన్ని తిప్పే స్టీరింగ్ ఆర్మ్ 8 సెంటీమీటర్లే కాబట్టి, ఆ కాస్తకే చక్రం అంచు దగ్గర దాదాపు 8 మిల్లీమీటర్లు మారిపోయింది. వణుకు పోయింది.

ఇక రెండో సమస్య, మలుపులో లోపలి వైపు ముందు చక్రం నేల నుంచి లేవడం. ముందు చక్రాల కింద బరువు చూసుకునే మిషన్లు, వెనక అదే ఎత్తు చెక్క పెట్టి చూస్తే, మొత్తం 110 కిలోల్లో ముందు పడేది 58 మాత్రమే. ఒంటి చక్రం వైపు బరువు జరిగేకొద్దీ బోల్తా పడటం తేలిక. మన ఆటోకి ఒంటి చక్రం ముందుంటుంది, అందుకే మలుపులో బ్రేకు కొడితే ప్రమాదం. నా బండిలో బ్రేకు కొడితే బరువు రెండు చక్రాల మీదికొస్తుంది, మలుపులో యాక్సిలరేటర్ ఇస్తేనే టెన్షన్.

సీటు 15 సెంటీమీటర్లు ముందుకి జరిపాను, పెడల్స్ కూడా. క్యారియర్ మీది 8 కిలోల బ్యాటరీని సీటు కిందికి దించాను. ముందు చక్రాల మీది బరువు 72 కిలోలయింది. 5 మీటర్ల తాడుతో ఖాళీ ప్లాట్‌లో సున్నం వలయం గీసి తిరిగితే, ఇదివరకు 16 కిలోమీటర్ల వేగం దగ్గర లేచే చక్రం ఇప్పుడు 18 దాకా నేల వదల్లేదు. లెక్క ప్రకారం 18.8 దగ్గర లేవాలి. అంతవరకు పోయే ధైర్యం నాకు లేదు.

నష్టమూ ఉంది. వెనక బరువు తగ్గి, ఇసక పడ్డ ఎత్తు మీద వెనక చక్రం ఉత్తినే తిరుగుతోంది. ముందు బ్రేకు గట్టిగా పడితే వెనక చక్రం తేలుతోంది కూడా. వచ్చే ఆదివారం సీటు 4 సెంటీమీటర్లు వెనక్కి జరిపి మళ్లీ తూకం వేస్తాను.