ఐరిష్‌లో ‘నాకు ఇష్టం’, ‘నా ఉద్దేశం’: నా అనుభవం

ఐర్లండ్‌లో బడి చదువు చివర రాసే పరీక్ష లీవింగ్ సర్ట్. అందులో ఐరిష్ (ఐర్లండ్ సొంత భాష) ఓరల్‌కి, అంటే మాట్లాడే పరీక్షకి, 240 మార్కులు. అందులో సగం, అంటే 120, మాటామంతీకే. హాబీల ప్రశ్న దాదాపు తప్పదు. ఈ భాగం నాకు పట్టుబడింది ఇంగ్లీషుని పక్కన పెట్టి, తెలుగు మీదుగా వెళ్ళాకే. అయితే తెలుగు కొన్నిచోట్ల ముంచుతుంది కూడా. (పలుకుబడి ప్రాంతాన్ని బట్టి మారుతుంది, ఇక్కడివి ఉజ్జాయింపు.)

హాబీని ‘కాహవ్ అమ్‌షిర’ అంటారు. అక్షరాలా మన కాలక్షేపమే. ఇష్టమైతే ‘ఇస్ మా లుమ్’, చాలా ఇష్టమైతే ‘ఇస్ బ్రా లుమ్’, ఒకదానికంటే ఇంకొకటి ఎక్కువ ఇష్టమైతే ‘ఇస్ ఫార్ లుమ్’. ‘లుమ్’ అంటే నాతో. ‘నాకు’ కదా అని ‘డమ్’ వాడితే ‘ఇస్ మా డమ్’ అవుతుంది, దానర్థం నాకు మంచిది. పాలకూర గురించైతే సరే.

ఇష్టమా అని ‘అన్ మా ల్యాత్’ అంటూ అడిగితే అవునని చెప్పడానికి విడిగా మాట లేదు. ‘ఇస్ మా’ అనో, కాకపోతే ‘నీ మా’ అనో అనాలి. ‘తిన్నావా?’ అంటే ‘తిన్నా’ అన్నట్టే, అలవాటు చేసుకోనక్కర్లేదు.

‘పుస్తకాలు చదవడం ఇష్టం’ అనడానికి ‘ఇస్ మా లుమ్ లౌర్ అ లేవ్’. ‘లౌర్’ పుస్తకాలు, ‘లేవ్’ చదవడం: వరస మనదే. ఆటకి ‘ఇమిర్త్’, వాయిద్యానికి ‘షెనిమ్’. ఆడటం, వాయించడం మనకెలాగూ వేరే కనుక తికమక ఉండదు. ‘ఎగ్ ఇమిర్త్’ (ఆడుతూ) తర్వాత ఆట పేరు మాత్రం షష్ఠీ విభక్తిలోకి మారాలి: ఫుట్‌బాల్ ‘పెల్’ కాస్తా ‘పెలె’ అవుతుంది. ఆడుతుంటాను అనడానికి ‘బీమ్ ఎగ్ ఇమిర్త్’. ‘తా మే ఎగ్ ఇమిర్త్’ అంటే ఇప్పుడు, ఈ క్షణాన ఆడుతున్నట్టు. పరీక్ష గదిలో కూర్చుని అలా అంటే వినడానికి విడ్డూరంగా ఉంటుంది.

అసలు కష్టం అభిప్రాయం దగ్గర. ‘తా షే గొ మా’ అంటే బాగుంది. ‘బాగుందని అనుకుంటున్నాను’ అనడానికి మనం చివర ‘అని’ తగిలిస్తే చాలు, క్రియ కదలదు. ఐరిష్‌లో ‘అని’కి బదులు ‘గొ’ ముందొస్తుంది, వచ్చి క్రియను మార్చేస్తుంది, ‘తా’ కాస్తా ‘విల్’ అవుతుంది: ‘క్యాపిమ్ (అనుకుంటున్నాను) గొ విల్ షే గొ మా’. ‘క్యాపిమ్ గొ తా’ అన్నది అందరూ చేసే తప్పు. (చివరి ‘గొ మా’లోని ‘గొ’ వేరు, అది మన ‘బాగా’లోని ‘గా’ లాంటిది.) ‘గొ’ తర్వాత అచ్చుతో మొదలయ్యే క్రియ వస్తే దాని ముందు నకారం చేరుతుంది: ‘ఇమ్రీన్’ (ఆడతాడు) కాస్తా ‘గొ నిమ్రీన్’.

ఇంకో మెలిక. ‘అది మంచి ఆట’ అన్నప్పుడు ‘గొ విల్’ కుదరదు, ‘క్యాపిమ్ గుర్ క్లిహ మా ఏ’ అనాలి. నేను పెట్టుకున్న కొండగుర్తు ఇది: తెలుగు వాక్యంలో ‘ఉంది’ వస్తే ‘విల్’, క్రియే లేకపోతే ‘గుర్’. చాలావరకు ఇది సరిపోతుంది.

కాదనడానికి ‘నీ హ్యాపిమ్ గొ విల్’ అనొచ్చు, లేదా ‘క్యాపిమ్ నఖ్ విల్’ అనొచ్చు. ‘నఖ్’లో ఖకారం మన ఒత్తు ఖ కాదు, గొంతులో రాపిడి. ‘తా’లో తకారం మాత్రం అచ్చంగా మనదే, ఇంగ్లీషు అలవాటుతో ‘టా’ అనకండి.

‘గొ’ గొడవే వద్దనుకుంటే ‘అ మొ హూరిమ్’ (నా ఉద్దేశంలో) అని, ‘తా షే’ మార్చకుండా వదిలెయ్యొచ్చు. తేలికే కానీ, ప్రతిసారీ ఇదే వాడితే ‘గొ విల్’ రాదని పట్టుబడిపోతారు. ఎటూ తేల్చలేనప్పుడు ‘బ్రాహన్ షే’, సందర్భాన్ని బట్టి, అనేసి కారణం చెప్పడం మొదలుపెట్టండి.