మీటరు దాటిన లీకేజీకి హెచ్చరిక ఏది?

నగరాల్లో నీటి వృథా మాట వచ్చినప్పుడల్లా మనకు రోడ్డు మీద పగిలి ఎగజిమ్మే పైపులైనే గుర్తుకొస్తుంది. ప్రభుత్వ లెక్కలు కూడా దాని చుట్టూనే తిరుగుతాయి. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లో విడుదల చేసిన సేవా ప్రమాణాల్లో, శుద్ధి చేసి పంపినా బిల్లుకెక్కని నీరు 20 శాతానికి మించకూడదన్నది ఒక లక్ష్యం. ఇంటి మీటరు దాటాక సంపు పగులులోంచి భూమిలోకి ఇంకిపోయే నీరు మాత్రం ఈ 20 శాతంలోకి రాదు. మీటరు తిరిగింది, బిల్లు పడింది, కనుక దస్తావేజుల్లో అది సక్రమంగా అమ్ముడుపోయిన నీరే. ఏ నష్టమైతే సరఫరా సంస్థ పద్దులో రాబడిగా కనిపిస్తుందో, ఆ నష్టం గురించి వినియోగదారుడికి తనంతట తానుగా చెప్పాలన్న తొందర ఆ సంస్థకు ఉండదు. అందుకే లీకేజీ ఉన్నట్టు అనుమానం వస్తే ఇంటివారిని హెచ్చరించడం సిబ్బంది మంచితనానికి వదిలేయకుండా, నిబంధనల్లో రాసి ఉండవలసిన విధి అని నా అభిప్రాయం.

హైదరాబాద్‌లో ఈ విషయానికి మరింత ప్రాధాన్యం ఉంది. 2021 జనవరి నుంచి నగర నీటి సరఫరా సంస్థ జలమండలి ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల వరకు ఉచితంగా ఇస్తోంది. బస్తీలను మినహాయిస్తే, ఇందుకు పనిచేసే మీటరు ఉండాలి, క్యాన్ నంబరుకు, అంటే నల్లా కనెక్షన్ ఖాతా సంఖ్యకు, ఆధార్ అనుసంధానం కావాలి. కేంద్ర ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురున్న కుటుంబం నెలకు 16,200 లీటర్లు వాడుతుంది. ఉచిత పరిమితిలో మిగిలేది 3,800 లీటర్లు. రోజుకు 127 లీటర్లు, అంటే ఏడెనిమిది బకెట్లు ఎక్కడో కారిపోతే ఆ మిగులు కాస్తా హరించుకుపోతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా ప్రకారం అక్కడ పదింట ఒక ఇంట్లో లీకేజీ రోజుకు 90 గ్యాలన్లు, అంటే 340 లీటర్లు దాటుతుంది. సెకనుకు ఒక్క చుక్క చొప్పున కారే నల్లా ఏడాదికి 3,000 గ్యాలన్లకు పైగా పోగొడుతుందని కూడా అదే సంస్థ చెబుతోంది. అది నెలకు సుమారు 950 లీటర్లు. నల్లా కారితే చప్పుడైనా వినిపిస్తుంది, నేల తడిసి కంటికైనా కనిపిస్తుంది. ఫ్లష్ ట్యాంకు అడుగున రబ్బరు వాషరు అరిగినప్పుడు, సంపు గోడ బీటలు వారినప్పుడు చప్పుడూ ఉండదు, తడీ కనిపించదు.

మా బంధువుల ఇంట్లో జరిగింది ఇలాంటిదే. ఊరి పేరు అనవసరం. రెండు నెలల బిల్లు అంతకుముందున్న దానికి మూడింతలు వచ్చింది. కాగితం మీద పాత రీడింగు, కొత్త రీడింగు, కట్టవలసిన సొమ్ము, ఆఖరు తేదీ అన్నీ ఉన్నాయి. వాడకం ఇంతలా ఎందుకు పెరిగిందో చూసుకోండన్న ముక్క మాత్రం లేదు. ప్లంబరు వచ్చి రాత్రి పడుకునే ముందు మోటారు స్విచ్ తీయించి, సంపులోకి వచ్చే వాల్వు కట్టేయించి, నీటి మట్టం దగ్గర గోడ మీద సుద్దముక్కతో గీత గీయించాడు. తెల్లారేసరికి నీరు గీతకు జానెడు కిందికి దిగి ఉంది. కొబ్బరిచెట్టు వేరు సంపు గోడలోకి చొచ్చుకొచ్చిన చోట జుట్టు మందాన పగులు పడింది. దాన్ని పూడ్చడానికి ఒక పూట సరిపోయింది. ఆ ఇంటి వాడకం ఉన్నట్టుండి పెరిగిన సంగతి మీటరు రీడరు యంత్రంలో అంకె కొట్టిన క్షణానే నీటి సరఫరా సంస్థ కంప్యూటరుకు తెలుసు. పాత అంకె, కొత్త అంకె రెండూ దాని దగ్గరే ఉన్నాయి కదా.

న్యూయార్క్ నగర నీటి విభాగం 2011లో ఒక హెచ్చరిక కార్యక్రమం మొదలుపెట్టింది. దూరం నుంచే రీడింగు అందించే మీటర్లను అమర్చిన చోట, ఏదైనా ఇంటి వాడకం కొన్ని రోజులపాటు వరుసగా మామూలు కంటే బాగా ఎక్కువగా ఉంటే, పేరు నమోదు చేసుకున్న యజమానికి ఈమెయిల్ వెళ్లే ఏర్పాటు అది. లీకేజీని వెంటనే బాగు చేయించుకున్నవారికి అదనపు బిల్లులో ఊరటనిచ్చే పథకం తర్వాత వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పద్ధతి వేరు: మూడు రోజులపాటు ఒక్క గంట కూడా ఆగకుండా మీటరు తిరుగుతూనే ఉంటే, అది లీకేజీ కావచ్చని ఇంటివారికి తెలియజేస్తారు. ఎవరి ఇంట్లోనైనా అర్ధరాత్రి రెండు గంటలకు నీటి వాడకం ఆగాలి. ఆగలేదంటే ఎక్కడో కారుతున్నట్టే.

మన దగ్గర ఈ చర్చ చేసేవారు సాధారణంగా తప్పటడుగు వేసేది ఇక్కడే. స్మార్ట్ మీటర్లు పెట్టేస్తే సరిపోతుందని తేల్చేస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కో సూత్రం పనిచేయాలంటే పైపులో ఇరవై నాలుగు గంటలూ నీరుండాలి. హైదరాబాద్‌లో చాలా కాలనీలకు రోజు విడిచి రోజు, అదీ లైన్‌మన్ వాల్వు తిప్పాక కొద్ది గంటలే వస్తుంది. వచ్చినంతసేపు సంపు నిండుతుంది, ఆ తర్వాత మీటరు ఎలాగూ ఆగిపోతుంది. లీకేజీ సంపులోనో ఇంట్లోనో ఉంటే రాత్రి వేళ మీటరులో దాని జాడే ఉండదు. పైగా నీరు విడిచిన మొదటి నిమిషాల్లో పైపులో చిక్కుకున్న గాలి కూడా ముల్లును తిప్పేస్తుంది. రాత్రి ప్రవాహం చూసి లీకు పట్టే విధానం, 2021లో నగరమంతటికీ 24 గంటల సరఫరా మొదలుపెట్టిన పూరీ లాంటి చోట పనికొస్తుంది. మనకు మాత్రం ఒక ఇంటి ప్రస్తుత వాడకాన్ని అదే ఇంటి గత వాడకంతో పోల్చడమే దారి. అందుకు కొత్త మీటరు అక్కర్లేదు. గత ఏడాది సగటు కంటే వాడకం రెట్టింపైతే బిల్లు మీద ఒక వాక్యం, ఫోనుకు ఒక సంక్షిప్త సందేశం చాలు. వేసవిలో వాడకం ఎవరికైనా పెరుగుతుంది కాబట్టి, పోలిక కిందటేడాది అదే నెలతో ఉండడం మేలు.

అపార్ట్‌మెంట్ల సంగతి ఇంత తేలికగా తెమలదు. నలభై ఫ్లాట్లకు ఒకే మీటరు ఉన్నచోట ఒక ఫ్లాటులో ఫ్లష్ ట్యాంకు నెలల తరబడి కారినా, మొత్తంలో అది ఎక్కడ కలిసిపోయిందో కనిపించదు. సంఘం ఆ బిల్లును నలభై భాగాలు చేసి అందరికీ పంచుతుంది. ఇక్కడ సంఘం కార్యదర్శికి హెచ్చరిక చేరినా ఆయన చేయగలిగేది తలుపు తలుపూ తట్టి, ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు కలిపి అరగంట ఆగి, ఆ రంగు కమోడ్‌లోకి దిగిందేమో చూడమని అడగడమే. ఫ్లాటుకొక మీటరు లేనిదే ఇంతకు మించి ఆశించలేమని ఒప్పుకోవాలి.

సరఫరా సంస్థకు దీనివల్ల నష్టమన్న వాదన నిలవదు. హైదరాబాద్‌కు కృష్ణా నీరు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీరు ఎల్లంపల్లి నుంచి, రెండూ వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపులతో ఎత్తిపోసుకుంటూ రావాలి. ఆ కరెంటు ఖర్చంతా పెట్టి తెచ్చిన నీరు ఉచిత పరిమితిలోనే సంపు కింద ఇంకిపోతే ఇంటివారి నుంచి సంస్థకు ఒక్క పైసా రాదు. పరిమితి దాటితే ఇంటివారి జేబుకు చిల్లు, దాటకపోతే సంస్థ ఖజానాకు చిల్లు.

కరెంటు విషయంలో వినియోగదారుల హక్కుల నిబంధనలను కేంద్రం 2020లోనే తెచ్చింది. ధరలు, సేవలు చూడడానికి నియంత్రణ మండలి ఉంది. ఇంటి నీటికి అంతటి కట్టుబాటు మన నగరాల్లో లేదు కాబట్టి, ఈ నియమాన్ని రాష్ట్ర ప్రభుత్వమే రాయాలి. రాసేటప్పుడు రెండు విషయాలు మరవకూడదు. మొదటిది, క్యాన్ నంబరుకు ముడిపడిన ఫోను చాలా ఇళ్లలో యజమానిది. ఆయన మరో ఊళ్లోనో, మరో దేశంలోనో ఉంటారు, బిల్లు కట్టేది అద్దెకున్నవారు. కనుక మీటరు రీడరు ఈ హెచ్చరికను ఇంట్లో ఉన్నవారికి కాగితం రూపంలో ఇవ్వాలి. రెండవది, గంటగంట వాడకం నమోదు చేసే మీటర్లు వచ్చిన రోజున ఆ వివరాలు చూస్తే ఇంట్లో ఎవరూ లేని వేళలు ఇట్టే తెలిసిపోతాయి. వాటిని ఎవరు చూడవచ్చో, ఎన్నాళ్లు దాచవచ్చో నియమంలోనే ఉండాలి.

హెచ్చరించకపోతే ఏమవుతుందన్నది కూడా అందులో స్పష్టంగా ఉండాలి. అసాధారణ వాడకం రికార్డుల్లో కనిపించిన తర్వాత కూడా సంస్థ మౌనంగా ఉండిపోతే, అప్పటి నుంచి కబురు అందే రోజు వరకు పెరిగిన వాడకానికి ఆ ఇంటి పాత సగటు మేరకే బిల్లు వేయాలి. కబురు అందాక నెల రోజుల్లో ఇంటివారు బాగు చేయించుకుని ప్లంబరు రసీదు చూపిస్తే ఆ నెలకూ అదే వర్తించాలి. చేయించుకోకపోతే ఆ తర్వాతి ప్రతి లీటరుకూ పూర్తి ధర వారే కట్టాలి.