కాంట్రాకు పదికి నాలుగు మార్కులట

మావాడూ, వాడి బావా కలిసి రఫ్ నోటుబుక్కు చివరి పేజీలో స్కేలు పెట్టి గీసిన పట్టిక ఇంకా డైనింగు టేబులు మీదే ఉంది. దాన్ని తీసి లోపల పెడదామని లేచినప్పుడల్లా మరోసారి చదవడం, మరోసారి ఒళ్ళు మండడం జరుగుతున్నాయి కాబట్టి, ఇక్కడ రాసుకుంటే తప్ప ఈ రాత్రికి నిద్ర పట్టేలా లేదు. నిలువు గడులకు గ్రాఫిక్స్, కథ, సౌండు, కష్టం అని శీర్షికలు పెట్టి, అడ్డవరసల్లో పాత వీడియో గేముల పేర్లు రాసి, చివరి గడిలో సగటు కట్టారు. టెట్రిస్‌కు కథలో సున్నా వచ్చింది. మారియోకు కథలో మూడు, ట్యాంక్ గేముకు గ్రాఫిక్స్‌లో రెండు. జెల్డాకు తొమ్మిది వచ్చి ఫస్టు ర్యాంకు కొట్టింది. కాంట్రాకు అన్నీ కలిపి సగటు కడితే పదికి నాలుగట. డక్ హంట్ ఎదురుగా మాత్రం గడులన్నిటికీ అడ్డంగా ఒక గీత లాగి, ఎర్ర సిరాతో 'పనిచేయట్లేదు' అని రాశారు.

వారం వారం పరీక్షలూ వాటి ర్యాంకులూ తప్ప మరో ప్రపంచం లేని ఇంటర్మీడియట్ పిల్లలు, ఆటలను కూడా అలాగే తూచారని సరిపెట్టుకోవచ్చు. మావారు ఆ మాటే అని అటు తిరిగి పడుకున్నారు. మార్కులు వేసినందుకు నాకు కోపం లేదు, వేసిన తీరు మాత్రం మింగుడుపడలేదు. కాంట్రాను వీళ్ళు ముప్పై ప్రాణాల కిటుకుతో ఆడారు. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ అంటూ మేము ఎక్కాలకంటే శ్రద్ధగా కంఠతా పట్టిన ఆ వరసను వీళ్ళు యూట్యూబులో చూసుకుంటూ నొక్కారు. 1986లో గ్రేడియస్ అనే విమానాల ఆటను ఇళ్ళలో ఆడుకునే యంత్రానికి మార్చే పనిలో ఉన్న కొనామి అనే ఆటల కంపెనీ ఉద్యోగి కజుహిసా హషిమోతో, ఆ ఆటను పరీక్షించడం తనకే కష్టంగా ఉందని పెట్టుకున్న వెసులుబాటు అది. తర్వాత కాంట్రాలోకీ వచ్చింది. అంటే తయారుచేసేవాళ్ళకే కొరుకుడుపడని ఆటల కోసం పుట్టిన ఊతకర్ర అన్నమాట. ఆ ఊతకర్ర పట్టుకుని నడిచి, దారి సులువుగానే ఉందని 'కష్టం' గడిలో మూడు వేస్తే, ఆ మూడు మార్కులు ఆటకు వేసినట్టా, కర్రకు వేసినట్టా?

జెల్డా సంగతి మరీ విడ్డూరం. దాన్ని ఫోనులో పాత యంత్రాల ఆటలను ఆడించే ఎమ్యులేటర్ పెట్టుకుని, ప్రమాదం కనిపించిన ప్రతిచోటా సేవ్ చేసుకుంటూ, దారి తెలియనప్పుడు వీడియో చూసుకుంటూ ఆడారు. 1986లో జపానులో వచ్చిన ఆ ఆట గొప్పదనమంతా ఆడేవాడి చేతికి కత్తి ఇచ్చి, ఎటు వెళ్ళాలో చెప్పకుండా వదిలేయడంలోనే ఉంది. తప్పిపోవడమే అందులోని ఆట. తప్పిపోకుండా ఆడి తొమ్మిది వేసినవాళ్ళను ఏమనాలో నాకు తెలియడం లేదు.

అసలు ఇదంతా అన్నయ్య పెట్టిన చిచ్చు. కూర్మన్నపాలెం ఇంట్లో అటక దులుపుతుంటే దొరికిందని, మా చిన్ననాటి వీడియో గేమును ఒక పాత దుప్పటిలో చుట్టి ఉదయమే పట్టుకొచ్చాడు. నాన్న డాబాగార్డెన్స్‌లో కొన్న ఆ యంత్రం, నింటెండో కంపెనీ జపానులో 1983లో తెచ్చిన ఆటల యంత్రం ఫ్యామికామ్‌కు ఎవరో ఊరూ పేరూ లేనివాళ్ళు చేసిన నకలు. దాంతోపాటు పసుపుపచ్చ క్యాసెట్లు, నారింజ రంగు తుపాకీ ఉన్నాయి. క్యాసెట్ల అడుగున ఉండే రాగి పళ్ళు ఈ ఊరి ఉప్పుగాలికి నల్లబడి, అక్కడక్కడ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. చిన్నప్పుడు క్యాసెట్టు పనిచేయకపోతే నోటితో ఊదేవాళ్ళం. ఆ ఊదిన తడి వల్లే పళ్ళు మరింత పాడయ్యేవని అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. ఇవాళ అన్నయ్య పెన్సిలు రబ్బరుతో ఒక్కొక్క పన్నునూ నెమ్మదిగా రుద్ది, స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ పెట్టాడు. బూడిదరంగు గీతలు కాసేపు కొట్టుకున్నాక, 'తొంభై తొమ్మిది లక్షల ఆటలు' అని గొప్పలు పోయే పట్టీ తెర మీదికి వచ్చింది. ఆ లక్షల్లో నికరంగా ఉండేవి కొన్ని పదుల ఆటలే. తక్కినవన్నీ అవే ఆటలు వేరే లెవెలు నుంచి మొదలయ్యేవి. ఆ మోసం తెలిసి కూడా మేము చివరి అంకె దాకా వెళ్ళి చూసేవాళ్ళమంటే, ఎక్కడో ఒక్కటైనా కొత్తది దొరక్కపోతుందా అన్న ఆశ అలాంటిది.

ఇక డక్ హంట్ విషయం. పిల్లలు బాతులను ఎంత గురిచూసి కాల్చినా ఒక్కటీ పడలేదు, కుక్క బయటికి వచ్చి నవ్వడం మాత్రం మానలేదు. అందుకు అన్ని గడుల్లోనూ గీత లాగారు. ఆ తుపాకీలోంచి ఏదీ బయటికి రాదనీ, అందులో ఉన్నది కాంతిని పసిగట్టే చిన్న కన్ను మాత్రమేననీ నేను వివరించబోయాను. ట్రిగ్గరు నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి గడి మెరుస్తుంది. తుపాకీ ఆ తెలుపును చూస్తే బాతు పడినట్టు. ఈ తతంగమంతా పాత పిక్చర్ ట్యూబు గీతగీతగా బొమ్మ గీసే వేగానికి సరిగ్గా అమర్చినది. బొమ్మను ముందు తనలో సవరించుకుని తర్వాత చూపించే ఇప్పటి పలచటి టీవీలో ఆ తెలుపు ఆలస్యంగా వస్తుంది, తుపాకీ అప్పటికే చూసి ఊరుకుంటుంది. కాబట్టి ఫెయిలయింది మా హాల్లోని టీవీ, ఆట కాదు. "అయితే ఏటత్తా, పనిచేయట్లేదు కదా" అన్నాడు మేనల్లుడు. వాడి మాట తప్పు కాకపోవడం నాకు మరింత చిరాకు తెప్పించింది.

టెట్రిస్‌కు గ్రాఫిక్స్‌లో ఒకటి వేయడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ దాన్ని తయారుచేసిన ఎలెక్ట్రోనికా 60 అనే కంప్యూటరుకు బొమ్మలు గీయడమే రాదు. ఆయన రెండేసి బ్రాకెట్లు పక్కపక్కన పెట్టి వాటినే ఇటుకలుగా దించాడు. గ్రాఫిక్స్ బొత్తిగా లేకుండా పుట్టి, అలాగే నిలబడిన ఆటకు గ్రాఫిక్స్‌లో మార్కు వేయడానికి అసలు గడి ఎందుకు? పైగా కథ సున్నా అన్నారు. 1989లో వచ్చిన నింటెండో టెట్రిస్‌ను ఆడి ఆడి, 2023 డిసెంబరులో అమెరికాలో ఒక పదమూడేళ్ల కుర్రవాడు 157వ లెవెలులో ఆటే స్తంభించిపోయే దాకా వెళ్ళాడు. అంతకు ముందు ఏ మనిషీ అక్కడి దాకా చేరలేదు. మా పిల్లలకంటే చిన్నవాడు. అది కథ కాదా?

మరి ఒక జాతి ఆటను మరో జాతి ఆటతో పోల్చకూడదా అంటే, పోల్చవచ్చనే నా అభిప్రాయం; దానికి ఒకే ఒక్క కొలత చాలని సాయంత్రం దాకా గట్టిగా నమ్మాను. చచ్చిపోయిన మరుక్షణం 'ఇది నా తప్పే' అని ఆడేవాడికి తెలియాలి, వెంటనే మళ్ళీ ఆడబుద్ధి కావాలి. ఈ లెక్కన 1985 నాటి మారియోకు సాటి వచ్చేది లేదు. మీట ఎంతసేపు నొక్కితే అంత ఎత్తు ఎగురుతాడు, గాలిలో ఉండగా కూడా ఇటూ అటూ తిప్పుకోవచ్చు. గోతిలో పడితే వేలిని ఎప్పుడు తీశామో వేలికే తెలుస్తుంది. మేఘాలకూ పొదలకూ ఒకే బొమ్మను రంగు మార్చి వాడుకుని, మొత్తం ఆటను 40 కిలోబైట్లలో ఇరికించిన మనుషులు, ఆ ఎగురుడు దగ్గర మాత్రం పిసినారితనం చూపలేదు. టెట్రిస్ కూడా ఈ కొలతకు నిలుస్తుంది, ఎందుకంటే అడుగున మిగిలిపోయిన ప్రతి కంతా మనం పెట్టినదే. కార్ల ఆట రోడ్ ఫైటర్‌లో పెట్రోలు అయిపోయి ఆగినప్పుడూ అంతే, గుద్దుకున్నది మనమే. ఈ మాటలనే పిల్లలకు సాయంత్రం టీ దగ్గర ఉపన్యాసంలా చెప్పాను కూడా.

అప్పుడు అన్నయ్య కప్పులోంచి తల ఎత్తకుండా, "మరి జలపాతం దగ్గర నువ్వు ఎవరి తప్పు వల్ల చచ్చేదానివే?" అన్నాడు.

ఉక్కునగరం క్వార్టర్సులో పెరిగిన ఆ వేసవులన్నీ కలిపి నాకు ఒక్క మధ్యాహ్నంగానే గుర్తున్నాయి. అమ్మ నిద్రపోతుండేది కాబట్టి టీవీ సౌండు పూర్తిగా తగ్గించి, గచ్చు మీద బోర్లా పడుకుని ఆడేవాళ్ళం. కాంట్రా మూడో లెవెలు జలపాతం. మొదటి లెవెలులో పక్కకు, రెండో లెవెలులో తెర లోపలికి నడిచే ఆట అక్కడ నిలువుగా పైకి ఎక్కుతుంది. మెట్టు నుంచి మెట్టుకు ఎగురుతుంటే బండరాళ్ళు దొర్లుకుంటూ మీద పడతాయి. తెర పైకే జరుగుతుంది తప్ప కిందికి రాదు. ఇద్దరిలో ఎవరు పైకి ఎక్కినా తెర వాళ్ళతో వెళ్ళిపోతుంది, కింద ఉండిపోయినవాళ్ళు నిలబడ్డ మెట్టు తెర అంచు దాటిందంటే అక్కడికక్కడే చావు. గుండు తగలలేదు, రాయి పడలేదు, కాలు జారలేదు. పక్కవాడు తొందరపడ్డాడు, అంతే. అన్నయ్య ఎప్పుడూ ముందు ఎక్కేసేవాడు. ఐదు పాయలుగా విచ్చుకునే ఎస్ తుపాకీ నా చేతిలో ఉన్నప్పుడు మరీను, ఎందుకంటే నేను చస్తే ఆ తుపాకీ పోతుంది, తర్వాత వచ్చే ఎస్ వాడిది. నేను సౌండు లేకుండా అరిచేదాన్ని, అంటే నోరు తెరిచి పళ్ళు బిగించి వాడి మోచేతిని గిల్లేదాన్ని. వాడు గిల్లుడు భరిస్తూనే ఇంకో మెట్టు ఎక్కేవాడు. ఒకనాడు నేను పంతం పట్టి, మొదటి మెట్టు మీదే కదలకుండా నిలబడ్డాను. నేను ఎక్కనిదే వాడు గెలవకూడదని నా ఉద్దేశం. వాడు ఎక్కాడు, నేను చచ్చాను, మళ్ళీ నిలబడ్డాను, మళ్ళీ చచ్చాను. నా ప్రాణాలన్నీ అలా వరసగా ఖర్చుపెట్టేశాక, వాడు ఒంటరిగా పైదాకా వెళ్ళి, అక్కడున్న రాక్షసుడి ముందు చేతులాడక, జాయ్‌స్టిక్కు కింద పెట్టి, "ఒక్కడినే ఆడితే బాగోలేదు, నువ్వు రా, మొదటినుంచీ ఆడదాం" అన్నాడు. వెళ్ళానా? వెళ్ళాను. రెండో లెవెలులో నేనే వాడి ఎస్ తీసేసుకున్నాను.

ఇప్పుడు నా కొలత పెట్టి చూస్తే కాంట్రాకు ఆ మూడో లెవెలులో సున్నా రావాలి. చచ్చిందేమో నేను, తప్పేమో వాడిది. అయినా ఇంత వయసులో, ఇంత రాత్రి వేళ, నేను ఒక పుటెడు రాసింది దాని గురించే. మారియో ఎగురుడు గురించి నాలుగు వాక్యాలు రాసేసరికి మాటలు అయిపోయాయి. కాబట్టి సాయంత్రం చెప్పిన ఉపన్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నాను. మా ఇంటి వరకూ ఆటను కొలవవలసింది, పక్కన కూర్చున్న మనిషిని అది ఏం చేసిందన్న దాంతో.

ఈ లెక్కన మొదటి స్థానం ట్యాంక్ గేముది. బ్యాటిల్ సిటీ అనే దాని అసలు పేరు మా క్వార్టర్సులో ఎవరికీ పట్టేది కాదు. నామ్‌కో 1985లో చేసిన ఆ ఆటలో 35 లెవెళ్ళు, లెవెలుకు 20 శత్రు ట్యాంకులు, అడుగున ఇటుకల మధ్య కాపాడుకోవలసిన గద్ద ఉంటాయి. మన గుండు తోటివాడికి తగిలితే వాడు కాసేపు కదలలేక బిగుసుకుపోతాడు. మన గుండే పొరపాటున మన గద్దకు తగిలితే ఆట ముగిసినట్టే. శత్రువు కంటే తోడును చూసి ఎక్కువ జాగ్రత్తపడవలసిన ఆట అది. గోడలను మనమే పేర్చుకునే ఏర్పాటు కూడా ఉంది. అన్నయ్య గద్ద చుట్టూ ఉక్కు దిమ్మెలు కడితే, నేను వాటి మధ్య ఒక సందు వదలమని పోట్లాడేదాన్ని, లేకపోతే భయమేముంటుందని. కాంట్రా రెండోది. డక్ హంట్‌కు మూడో స్థానం ఇస్తున్నాను, ఎందుకంటే ఒక్క బాతు ఎగిరే ఆటలో రెండో జాయ్‌స్టిక్కుతో ఆ బాతును తిప్పవచ్చట. ఈ సంగతి ఈమధ్యే చదివాను, అన్నయ్యకు ఇంకా చెప్పలేదు. పాత పిక్చర్ ట్యూబు టీవీ ఎవరి ఇంట్లోనైనా మూలన పడి ఉంటే కబురు పెట్టండి.

మారియో నాలుగు. జెల్డాను ఒంటరిగా ఆడుకోవాలి కాబట్టి ఐదు, అది కూడా మేనల్లుడి మొహం చూసి. టెట్రిస్ ఎక్కడిదో మాత్రం తేలలేదు. ఒక్కరే ఆడుకునే ఆట అని ఆఖరికి నెడదామంటే, నాన్న వెనక నిలబడి పొడుగు కర్ర వచ్చినప్పుడల్లా "అటు కాదు, అటు కాదు" అని అరిచినప్పుడు అది ఇద్దరి ఆటే కదా. పట్టికలో దాని పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టాను. సర్కస్ చార్లీకి వాళ్ళు ఆరు వేశారు. సింహం మీద కూర్చుని నిప్పు కడియాల్లోంచి దూకే ఆ ఆట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు. దానికి నేను ఒకటి తగ్గించి ఐదు చేశాను, సగటు పొద్దున్న వాళ్ళే సరిచూసుకుంటారు.