ఆ ‘కజిన్’ వరసకు ఏమవుతాడు?

షేక్‌స్పియర్ చారిత్రక నాటకాల్లో ‘రెండో రిచర్డ్’ మొదలు ‘మూడో రిచర్డ్’ దాకా ఎనిమిదింటినీ వరుసగా చదివాను. అడుగడుగునా అడ్డం పడింది పాత ఇంగ్లిష్ కాదు, చుట్టరికం. పెదనాన్న కొడుకూ కజినే, మేనబావా కజినే, ఎక్కడో దూరపు చుట్టమూ కజినే. పేర్లు చూస్తే ఎడ్వర్డ్, హెన్రీ, రిచర్డ్, ఎడ్మండ్, మళ్లీ ఎడ్వర్డ్.

అందుకని చార్టు కాగితం మీద వంశవృక్షం వేసుకుని, ప్రతి గీత పక్కనా తెలుగు వరస రాశాను. సగం చిక్కు అక్కడే విడిపోయింది.

పైన ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ (పాలన 1327–1377). కింద ఏడుగురు కొడుకులకు ఏడు గళ్లు. పసితనంలోనే పోయిన ఇద్దరు విలియమ్‌లు ఎందుకులే అని మొదట ఐదే వేశాను. ‘ఆరో హెన్రీ’ రెండో భాగం, రెండో అంకం, రెండో రంగంలో సింహాసనం తనదనే యార్క్ డ్యూక్ రిచర్డ్ తన వంశాన్ని ఏకరువు పెడతాడు. అక్కడ లయనెల్ మూడోవాడు, గాంట్ జాన్ నాలుగోవాడు, ఎడ్మండ్ ఐదోవాడు. ఐదు గళ్లతో ఆ లెక్క కుదరదు. చార్టు తిరగేసి మళ్లీ మొదటినుంచి వేశాను.

రెండో రిచర్డ్ పెద్దకొడుకు కొడుకు. గాంట్ అతనికి చిన్నాన్న. గాంట్ కొడుకు బోలింగ్‌బ్రోక్ (తర్వాత నాలుగో హెన్రీ అయినవాడు) సాక్షాత్తూ దాయాది. 1399లో చిన్నాన్న పోగానే, అతని కొడుక్కి రావలసిన ఆస్తిని రాజు స్వాధీనం చేసుకున్నాడు. గీత పక్కన ‘దాయాది’ అని రాసుకున్నాక, బోలింగ్‌బ్రోక్ ఎందుకు తిరగబడ్డాడో వేరే నోట్సు చూసే పనిలేకపోయింది.

యార్క్‌కు రెండు గీతలు, రెండు రంగుల్లో. తండ్రి వైపు ఐదో కొడుకు ఎడ్మండ్‌కు మనవడు. తల్లి వైపు: లయనెల్ కూతురు ఫిలిపా, ఆమె కొడుకు రోజర్, అతని కూతురు ఆన్, ఆమె కొడుకే యార్క్. బిరుదు తండ్రి వైపుది, సింహాసనం అడిగేది తల్లి వైపు నుంచి.

అన్నిటికన్నా మొండి ముడి ఎడ్మండ్ మార్టిమర్. 1402లో వేల్స్‌లో అక్కడి తిరుగుబాటు నాయకుడు గ్లిన్‌డ్వర్‌కు చిక్కి అతని కూతుర్ని పెళ్లాడినవాడు ఒకడు. కిరీటానికి వారసుడనిపించుకున్నవాడు అతని అన్న కొడుకు, పేరు అదే. ‘నాలుగో హెన్రీ’ మొదటి భాగం ఇద్దరినీ కలిపి ఒక్కడిని చేసింది. నాలుగో హెన్రీపై తిరగబడ్డ హాట్‌స్పర్ (హెన్రీ పెర్సీ) భార్యను చూడండి: మొదటి అంకం ప్రకారం మార్టిమర్‌కు తోబుట్టువు, మూడో అంకంలో అతనే ఆమెను ‘ఆంట్’ అంటాడు. చిన్నాన్నకు ఆమె అక్క, అన్న కొడుక్కి మేనత్త. రెండు గళ్లు వేసి, నాటకంలోని మార్టిమర్‌ను రెండింటి మీదా సున్నా చుట్టి చూపించాను.

బిరుదులు పెన్సిల్‌తోనే రాయాలి, చేతులు మారుతుంటాయి. ఎనిమిది నాటకాల్లో గ్లాస్టర్ ముగ్గురు: 1397లో పోయిన థామస్, 1447లో పోయిన హంఫ్రీ, తర్వాత మూడో రిచర్డ్ అయినవాడు.

పుట్టిన, పోయిన ఏళ్లు మాత్రం పెన్నుతో. నాటకంలో హాట్‌స్పర్, నాలుగో హెన్రీ కొడుకైన యువరాజు హాల్ ఈడూజోడూ. నిజానికి హాట్‌స్పర్ 1364లో పుట్టాడు, అంటే హాల్ తండ్రి కంటే పెద్ద. నాటకంలో 1455 సెయింట్ ఆల్బన్స్ పోరులో యార్క్ శత్రువు సోమర్‌సెట్ డ్యూక్‌ను చంపే మూడో రిచర్డ్‌కు నిజానికి అప్పటికి రెండేళ్లు. ఆరో హెన్రీ భార్య, రాణి మార్గరెట్ 1482లో ఫ్రాన్స్‌లో కన్నుమూసింది. ‘మూడో రిచర్డ్’ నాటకంలో 1483 దాటాక కూడా వచ్చి శాపనార్థాలు పెడుతుంది. ఇలాంటి గళ్ల మూలన ఎర్ర చుక్క పెట్టాను. మొత్తం పదకొండు తేలాయి.