గోలో చావు-బతుకు లెక్కలు: పన్నెండు వారాల సాధన పుస్తకం

గో అంటే గీతలు కలిసే చోట్ల నల్ల, తెల్ల రాళ్లు పెట్టి ఇద్దరు ఆడే ఆట. ఈ సాధన గురి ఒక్కటే. చుట్టుముట్టిన గుంపు చస్తుందా, బతుకుతుందా అన్నది రాయి ముట్టుకోకుండా తేల్చాలి. జపాన్‌లో ఈ లెక్కల్ని త్సుమెగో అంటారు. గుంపుకు రెండు కళ్లు, అంటే ఎదుటివాడు దూరలేని రెండు వేర్వేరు లోపలి ఖాళీలు, పడితే బతికినట్టు, పడకపోతే పోయినట్టు. పులి-మేకలో పులికి కదిలే దారి లేకుండా చేసినట్టే, ఇక్కడ రాయిని ఆనుకున్న ఖాళీ చోట్లు, అంటే లిబర్టీలు, మూసేస్తారు. తేడా ఏమిటంటే ఇక్కడ గుంపు గుంపంతా ఒక్కసారే బోర్డు మీంచి లేచిపోతుంది.

1, 2 వారాలు

సామగ్రికి ఖర్చు లేదు. ఏ4 కాగితం మీద 2.2 సెం.మీ. ఎడంతో అడ్డం 9, నిలువు 9 గీతలు గీస్తే 17.6 సెం.మీ. బోర్డు వస్తుంది. మూల లెక్కలకు అది చాలు. 2 సెం.మీ. కోటు గుండీలు నల్లవి 40, తెల్లవి 40 ఉంటే సరిపోతాయి. ఫోన్ యాప్‌ను మాత్రం ఈ రెండు వారాలూ పక్కన పెట్టాలి. తప్పు చోట నొక్కితే ఎర్ర గుర్తు వస్తుంది, ఇంకోచోట నొక్కుతాం, నాలుగో నొక్కుకు పచ్చ గుర్తు వస్తుంది. అది లెక్క చేయడం కాదు, వెతుకులాట.

ముందు కంటి ఆకారాలు, అంటే గుంపు లోపల మిగిలిన ఖాళీ చోట్ల ఆకారాలు, నోటికి రావాలి. వరస మూడు, వంకర మూడు అయితే నడిమి చోటు ఎవరిదైతే ఫలితం వాళ్లది. వరస నాలుగు బతికే ఉంటుంది. వంకర నాలుగూ అంతే, మూలలో తప్ప. చతురస్రం నాలుగు మాత్రం కాచుకునేవాడు ముందు ఆడినా దక్కదు. టీ ఆకారపు నాలుగు, కూడిక గుర్తులాంటి ఐదు, చతురస్రానికి ఒకటి అతికించిన ఐదు, చతురస్రం ఒక మూలకు రెండు పక్కలా ఒక్కోటి చేర్చిన ఆరు: వీటన్నిటికీ ప్రాణం ఒక్క చోటే ఉంటుంది. ఆకారం చూసిన రెండు సెకన్లలో వేలు ఆ చోటు మీదికి వెళ్లాలి. ఇది రాకుండా ముందుకు పోతే ప్రతి లెక్క చివరా మళ్లీ ఇక్కడికే వచ్చి ఆగుతాం.

3, 4 వారాలు

రెండో గీత మీద ఆరు చావు, ఎనిమిది బతుకు. ఈ సామెతను బట్టీ పట్టకుండా కారణంతో పట్టుకుంటే మేలు. అంచున రెండో గీత మీద నల్లరాళ్లు ఎనిమిది వరసగా ఉన్నాయి, రెండు చివర్లా తెలుపు అడ్డుగా ఉంది. తెలుపు ఒక చివర మొదటి గీత మీదికి వంగితే (దీన్నే హానె అంటారు) నలుపు అడ్డుకోవాలి. అక్కడ రెండు చోట్లు పోయాయి. రెండో చివరా అంతే. ఎనిమిదిలో నాలుగు పోతే వరస నాలుగు మిగిలింది, బతికింది. ఏడు ఉంటే మూడు మిగులుతుంది, వంతు తెలుపుది, నడిమి చోట రాయి పడుతుంది, పోయింది. అదే ఏడులో నలుపు ముందు ఆడి ఒక చివర మూసుకుంటే నాలుగు దక్కుతుంది. ఆరు ఉంటే ముందు ఆడినా మూడే మిగులుతుంది, వంతు మళ్లీ తెలుపుదే. వరస ఒక చివర బోర్డు మూలకు ఆని ఉంటే హానె ఒక వైపే కాబట్టి లెక్క నాలుగు చావు, ఆరు బతుకు అవుతుంది. ఐదు ఎవరు ముందాడితే వాళ్లది.

5 నుంచి 8వ వారం దాకా

రోజుకు 20 తేలికవి, ఒక్కోటి 15 సెకన్లలో. 3 కష్టమైనవి, ఒక్కోదానికి ఐదు నిమిషాలు. జవాబు చూసే ముందు మూడు ఎత్తులు రాయాలి: మన మొదటిది, ఎదుటివాడి గట్టి జవాబు, దానికి మన ఎత్తు. మొదటిది ఒక్కటే సరిపోతే ఆ లెక్క తప్పు కిందే రాసుకోవాలి.

తప్పు పక్కన కారణం ఒక్క అక్షరంలో పెట్టాలి. 'జ' అంటే ఎదుటివాడి జవాబు చూడలేదు. 'వ' అంటే ఎత్తులు సరైనవే, వరస తారుమారు. 'కో' అంటే పూర్తిగా చంపే దారి ఉండగా కో పోరుతో, అంటే ఒకే చోట ఇద్దరూ ఒక్కో రాయిని మార్చి మార్చి తీసుకునే పోరుతో, సరిపెట్టుకోవడం. 'ల' అంటే బయటి లిబర్టీలు లెక్కపెట్టలేదు. మొదట్లో పేజీ నిండా 'జ' ఉంటుంది. మనకు నచ్చిన జవాబునే ఎదుటివాడి చేత ఆడించేస్తాం, అదే దాని మూలం. మందు కూడా సూటిగానే ఉంది: ప్రతి ఎత్తు తర్వాత గుండీల రంగు మార్చుకుని, ఇప్పుడు నేను ఆ పక్క అనుకుని కనీసం రెండు జవాబులు వెతకాలి.

'ల' ఎంత చేటు చేస్తుందో మూలలోని దీర్ఘచతురస్రం ఆరుతో తెలుస్తుంది. దీన్ని గుండీలతో పేర్చి చూడాల్సిందే. మొదటి అంకె ఎడమ అంచు నుంచి, రెండోది కింది అంచు నుంచి. నలుపు: 1-3, 2-3, 3-3, 4-3, 4-2, 4-1. తెలుపు దాని వెనకాలే అతుక్కుని: 1-4, 2-4, 3-4, 4-4, 5-3, 5-2, 5-1. లోపల ఖాళీ ఆరు, బయట నలుపుకు లిబర్టీ ఒక్కటీ లేదు. వంతు తెలుపుది.

తెలుపు 2-2 లో పెడుతుంది. నలుపు 2-1. తెలుపు 1-2. ఇప్పుడు నలుపు 3-2 ఆడితే కుడివైపు 3-1 లో కన్ను పడినట్టే కనిపిస్తుంది. కానీ గోడకు మిగిలిన ఊపిరి ఆ 3-1 ఒక్కటే. తెలుపు అక్కడే దూరుతుంది, ఏడు నల్లరాళ్లు లేచిపోతాయి. 3-2 వద్దనుకుని 1-1 ఆడితే తెలుపు 3-2 ఆడుతుంది. నలుపు 3-1 తో మూడు రాళ్లు తీసుకున్నా మిగిలేది వరస మూడు, తెలుపు మళ్లీ 2-2 లో పెడుతుంది. చావే. బయట రెండు లిబర్టీలు ఉన్నాయనుకోండి, 3-1 లో దూరడానికి తెలుపుకు వీలే లేదు, గుంపు బతికే ఉంటుంది. లోపలి బొమ్మ రెండింటిలోనూ ఒక్కటే. అందుకే మూల లెక్కలో లోపలికి చూసే ముందు బయటి ఖాళీలు వేలుపెట్టి లెక్కించి, ఆ అంకె కాగితం మీద రాయాలి.

తప్పినవాటిని 1, 3, 7, 21 రోజుల తర్వాత మళ్లీ చేయాలి, అదే బొమ్మగా మాత్రం కాదు. తిప్పితే, అద్దంలో చూసినట్టు మారిస్తే ఒక బొమ్మకు 8 రూపాలు, రంగులు మారిస్తే 16. నాలుగోసారి చటుక్కున జవాబు వచ్చి, తిప్పిన రూపంలో రాకపోతే, గుర్తున్నది బొమ్మే, లెక్క కాదు.

9 నుంచి 12వ వారం దాకా

జవాబుల్లో సెకి (ఎవరు ముందు కదిలినా వాళ్లకే నష్టం కాబట్టి రెండు గుంపులూ అలాగే బతికిపోవడం), కో కూడా ఉన్న లెక్కలు ఇప్పుడు కలపాలి. కో వస్తే ముందు పట్టుకునేది ఎవరో కూడా రాయాలి, అది లేకపోతే జవాబు సగమే.

సరిచూసుకోవడానికి కటాగో అనే గో ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి. మిగతా బోర్డు ఖాళీగా వదిలేస్తే అది మూలను వదిలి పెద్ద చోటికి వెళ్లిపోతుంది, ఎందుకంటే అది చూసేది మొత్తం ఆట గెలుపును. బోర్డు మిగతా భాగాన్ని రెండు రంగుల గట్టి గుంపులతో నింపి, ఈ మూల మీదే గెలుపు తేలేలా పెట్టాకే దాని జవాబు నమ్మాలి.

ఇక మూలలోని వంకర నాలుగు. 1989 జపాన్ నియమాల్లో అది చచ్చినట్టే, ఎక్కడ ఎన్ని కో బెదిరింపులు (కోను తిరిగి పట్టుకునే ముందు ఆడే, ఎదుటివాడు జవాబివ్వక తప్పని ఎత్తులు) మిగిలినా సరే. చైనా నియమాల్లో బోర్డు మీద ఆడి చంపాలి, తీసేయలేని కో బెదిరింపు మిగిలి ఉంటే ఫలితం మారవచ్చు. కాబట్టి ఈ నాలుగు వారాల పేజీల పైన ఏ నియమాలో ముందే రాసి పెట్టుకోవాలి.