రెండో అటెంప్ట్, ఎ-బ్యాండ్, ఒక అగ్గిపెట్టె

నిన్న నీట్ రిజల్ట్ వచ్చిన దగ్గర్నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న, బయాలజీలో 360కి 335 ఎలా వచ్చాయని. ఐదు తప్పులు పోతే వచ్చాయి, అంతే. పోయిన ఏడాది ఎందుకు రాలేదో చెబితే మీకు ఎక్కువ పనికొస్తుంది.

అప్పుడు పరీక్షలో, కండరం సంకోచించేటప్పుడు దేని పొడవు మారదని అడిగారు. ఎ-బ్యాండ్ (కండర తంతువులో ముదురుగా కనిపించే పట్టీ) అని బుక్‌లెట్‌లో టిక్ పెట్టుకున్నాను. చివరి పది నిమిషాల్లో బుర్ర తిరిగింది. కండరమే పొట్టిదవుతుంటే అందులో ఒక ముక్క మారకుండా ఎలా ఉంటుంది? ఓఎంఆర్ జవాబు పత్రంలో ఇంకోటి దిద్దేశాను. పెన్నుతో దిద్దాక చేసేదేముంది! రావాల్సిన నాలుగూ పోయాయి, పైగా ఒకటి కోత. సీటు పోయింది ఆ ఐదు మార్కులకే అనను, ఫిజిక్స్ ఎలాగూ ముంచింది. కానీ నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఆ ప్రశ్నే.

లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి నాయుడుపేట నుంచి చెన్నై వచ్చి సైదాపేటలో పెద్దమ్మ వాళ్లింట్లో ఉన్నాను. పగలంతా కోట్టూర్‌పురం అన్నా లైబ్రరీలో, మన పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే హాల్లో. ఒకరోజు సాయంత్రం కరెంట్ పోయింది. పెద్దమ్మ దీపం వెలిగించి, సగం తెరిచిన అగ్గిపెట్టె నా పుస్తకం మీదే పెట్టేసి వెళ్లింది. ఊరికే పుల్లలుండే అరని లోపలికి నెట్టాను. పెట్టె పొట్టిదైంది. తొడుగు మారలేదు, అరా మారలేదు!

లేచి వెళ్లి ఇంకో ఖాళీ పెట్టె అర తెచ్చి, ఒకే తొడుగులోకి రెండు వైపుల నుంచి రెండూ దూర్చాను. తొడుగు పొడవే ఎ-బ్యాండ్, అంటే మయోసిన్ అనే ప్రోటీన్ మందపు పోగులు. అరలు యాక్టిన్ అనే ప్రోటీన్ సన్నపు పోగులు. బయటికి కనిపించే భాగాలు ఐ-బ్యాండ్ (లేత పట్టీ), అటు సగం ఇటు సగం. లోపల రెండు అరల మధ్య ఖాళీ హెచ్-జోన్. బయటి అంచులు జెడ్-గీతలు, అంటే ఈ ఒక్క ముక్కకి రెండు హద్దులు. నెడితే ఐ-బ్యాండ్ తగ్గుతుంది, హెచ్-జోన్ మూసుకుపోతుంది, తొడుగు ఉన్నంతే ఉంటుంది. 1954లో హక్స్‌లీ అనే ఒకే ఇంటిపేరున్న ఇద్దరు శాస్త్రవేత్తలు వేర్వేరు బృందాలతో చెప్పింది ఇదే (వాళ్లు చుట్టాలు కూడా కాదు).

దీని తర్వాత మిగతాది తేలికైంది. యాక్టిన్ మీద ట్రోపోనిన్, ట్రోపోమయోసిన్ అని రెండు ప్రోటీన్లుంటాయి. కాల్షియం వచ్చి ట్రోపోనిన్‌కి అతుక్కుంటే, దారికి అడ్డున్న ట్రోపోమయోసిన్ పక్కకి జరుగుతుంది, మయోసిన్ తల యాక్టిన్‌ని పట్టి లాగుతుంది. ఆ తల విడిపోవాలంటే కొత్త ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) రావాలి. చనిపోయాక శరీరం బిగుసుకుపోయేది అది దొరక్కే.

కండరాల రకాల దగ్గర పడేవి రెండే గోతులు. గీతలున్నాయి కదా అని హృదయ కండరాన్ని నియంత్రితంలో (మనం కావాలని కదిపేవాటిలో) వేసేస్తారు. గీతలున్నా అది మన మాట వినదు. శాఖలు, ఇంటర్‌కేలేటెడ్ డిస్కులు (కణాలని ఒకదానికొకటి కలిపే అతుకులు) దాని గుర్తులు. రెండోది, నిద్రలో కూడా ఊపిరి ఆడుతోంది కదా అని డయాఫ్రమ్‌ని (ఊపిరితిత్తుల కింద ఉండే కండరం) నునుపు కండరం అనుకోవడం. అది గీతలున్న అస్థి కండరమే. నునుపుది కదురు ఆకారం, ఒకే కేంద్రకం, పేగుల్లో, రక్తనాళాల్లో చూడండి. ఎర్ర, తెల్ల తంతువులు గుర్తుండకపోతే చికెన్ షాపుకెళ్లండి. రోజంతా నిలబడే కాలి ముక్క ముదురు రంగు, ఆక్సిజన్ దాచుకునే ఎర్ర ప్రోటీన్ మయోగ్లోబిన్ ఎక్కువ. ఎగరని కోడి రొమ్ము తెల్లన.

మొదటిసారి ఫోన్ వల్లే పోయిందని ఇంట్లో ఇప్పటికీ అంటారు. చూడలేదని అనను. కానీ రోజుకి పది గంటలు కూర్చున్నాను, ఆ ఎ-బ్యాండ్ లైను కనీసం ఇరవై సార్లు చదివాను, అండర్‌లైన్ కూడా ఉంది. మీరైతే ఫోన్ పెద్దవాళ్లకి ఇచ్చేయండి, రీల్స్ చూస్తూ సీటు కొట్టినవాళ్లని నేనింకా చూడలేదు. పొద్దున్నే లేవండి.

విసర్జక వ్యవస్థ గురించి అడిగినవాళ్లకి రేపు రాస్తాను. కౌన్సెలింగ్‌కి సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించాలి, షాపు తొమ్మిదింటికే మూసేస్తాడు.