గ్రౌండ్ నుంచి రాగానే థర్మామీటర్ పెట్టుకుంటే

నలభై మూడేళ్లు వచ్చాయి, షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు, ఇంక తప్పదని ఫిబ్రవరిలో మళ్లీ పరుగు మొదలుపెట్టాను. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పోవడం, నాలుగు రౌండ్లు పరుగు, రెండు రౌండ్లు నడక, వచ్చేటప్పుడు ఉగ్గాని బండి వైపు చూడకుండా ఇంటికి రావడం. పది రోజులు బాగానే సాగింది. పదకొండో రోజు గుమ్మం దగ్గర బూట్లు విప్పుతుంటే మా అమ్మ మెడ మీద చెయ్యి పెట్టి "ఏమిరా, ఒళ్ళు ఇట్ల కాల్తాండాదే" అంది. థర్మామీటర్ పెడితే 100.2.

ఆ రోజు పారాసిటమాల్ వేశాను. మర్నాడు పరుగెత్తి వచ్చాక చూస్తే మళ్లీ నూరు. మూడో రోజు దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కు పోతే రక్తం తీసి విడాల్ టెస్ట్ చేసి "టైఫాయిడ్ ఉన్నట్టుందే" అన్నారు. ఐదు రోజులు సూదులు. ఆ ఐదు రోజులూ గ్రౌండ్‌కు పోలేదు కాబట్టి జ్వరమూ లేదు, మంచి సూదులప్పా అనుకున్నాం ఇంటిల్లిపాదీ. ఆరో రోజు పరుగెత్తి వచ్చాను. 100.

అప్పుడు హైదరాబాద్‌లో డాక్టరుగా ఉన్న మా పెదనాన్న కొడుక్కి ఫోన్ చేసి కథంతా చెబితే, అన్నీ విని ఒకే మాట అడిగాడు: "పరుగెత్తి వచ్చిన ఎంతసేపటికి చూస్తున్నావు?" వెంటనే అన్నాను. వాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. గంటసేపు కూర్చుని, నీళ్లు తాగి, ఆ తర్వాత ఇంకో పావుగంట ఆగి చూడమన్నాడు. చూశాను, 98.4. విడాల్ గురించి కూడా చెప్పాడు, ఎప్పుడో పాతకాలంలో వచ్చి పోయిన జబ్బుకైనా అది పాజిటివ్ చూపించొచ్చట, మన ఊళ్లలో ఆ ఒక్క టెస్ట్ పట్టుకుని టైఫాయిడ్ అనడం కష్టమట, అనుమానం ఉంటే రక్తంలో క్రిమి పెరుగుతుందేమో చూసే బ్లడ్ కల్చర్ చేయించాలట. సూదుల డబ్బులు ఎటూ తిరిగి రావు కదా, వదిలేశాను.

విషయం చాలా మామూలుది. కండరాలు ఖర్చు పెట్టే శక్తిలో పావు వంతే పనికి పోతుంది, మిగతాదంతా వేడే, మోపెడ్ ఎక్కి ధర్మవరం దాకా పోయి వచ్చి ఇంజన్ ముట్టుకుంటే ఎలా ఉంటుందో అలాగే. ఓ మోస్తరు పరుగుకే లోపలి వేడి 100, 101 దాకా పోతుంది, మారథాన్ పరుగెత్తేవాళ్లకు 102 దాటినా ఏమీ కాకుండా ఇంటికి పోతారు. ఆపాక అరగంట నుంచి గంటలో దిగుతుంది, ఎండ రోజుల్లో ఇంకొంచెం ఆలస్యం. పైగా ఒళ్ళు తెల్లవారుజామున చల్లగా ఉండి సాయంత్రం నాలుగైదు గంటలకు దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది, కాబట్టి సాయంత్రం జిమ్‌కు పోయేవాళ్లు నాకన్నా ఎక్కువే భయపడొచ్చు.

జ్వరం వేరు. జ్వరంలో మెదడే "ఇకనుంచి 102 ఉండాలి" అని ముల్లు పైకి తిప్పుతుంది, అందుకే ఒళ్ళు కాలిపోతున్నా చలేస్తుంది, దుప్పటి అడుగుతాం. పరుగు వేడిలో ఎవరూ దుప్పటి అడగరు, ఫ్యాన్ కిందికి పరుగెత్తుతారు. పారాసిటమాల్ ఆ ముల్లును కిందికి తిప్పే మందు. ముల్లు తిరగనే లేదు, కండరాలు వేడెక్కాయి అంతే అయినప్పుడు అది చేసేదేమీ లేదు. నేను వేసుకున్నవన్నీ దండగ మాత్రలే.

మన అనంతపురంలో ఇంకో మెలిక ఉంది. ఇక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, చల్లబడటానికి అది మంచిదే, చెన్నైలో అయితే కారుతుందే తప్ప ఆరదు. కానీ ఎంత పోయిందో మనకు తెలియదు. నల్ల టీషర్ట్ మీద తెల్లగా ఉప్పు గీతలు కనిపించేదాకా నాకూ తెలియలేదు. ఒకసారి పోయేముందు, వచ్చాక బరువు చూసుకున్నాను, ముప్పావు కేజీ తగ్గింది, అంటే ముప్పావు లీటరు నీళ్లు. సన్నబడ్డానని సంబరపడాల్సిన పనేమీ లేదు, రెండు గ్లాసుల ఉప్పు మజ్జిగకు సగం తిరిగొస్తుంది.

ఇదంతా విని ఏ వేడికీ భయం లేదనుకోవద్దు, ఏప్రిల్లో గ్రౌండ్‌లోనే చూశాను. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ప్రాక్టీస్ చేసే కుర్రోళ్లు చాలామంది వస్తారు, 1600 మీటర్ల టైమింగ్ కోసం ప్రాణం పెడతారు. వాళ్లలో ఒకడు బరువు తగ్గాలని రెయిన్‌కోటు లాంటి జాకెట్ వేసుకుని తొమ్మిదింటి ఎండలో పరుగెత్తుతున్నాడు. ఉన్నట్టుండి లైన్ వదిలి తూలుకుంటూ పక్కకు పోయాడు, పేరడిగితే ఏదేదో మాట్లాడుతున్నాడు, ఒళ్ళంతా చెమటే. ఎండదెబ్బ అంటే చెమట ఆగిపోవాలి కదా అని అక్కడున్న సగంమంది అనుకున్నారు, కానీ పరుగులో వచ్చే ఎండదెబ్బకు చెమట పడుతూనే ఉండొచ్చు. ఒకాయన మాత్ర తెస్తానన్నాడు, ఇంకొకాయన నోట్లో సోడా పోయబోయాడు. దేవుడిలా ఒక పీఈటీ సార్ ఉన్నాడు అక్కడ. సోడా పక్కకు తోసి, జాకెట్ విప్పించి, వేపచెట్టు కిందికి లాక్కుపోయి, ట్యాంకు పైపుతో ఒళ్ళంతా తడిపి, అట్టలతో విసరమని 108కి ఫోన్ చేయించాడు. బండి వచ్చేదాకా నీళ్లు ఆపనివ్వలేదు. ముందు చల్లబరచాలి, ఆసుపత్రి తర్వాత. లోపలి వేడి 104 దాటి మాట తేడా పడితే ప్రతి నిమిషమూ విలువైనదే. వాడికి మర్నాడు మూత్రం టీ డికాషన్‌లా వచ్చిందట. కండరాలు దెబ్బతిని వాటిలోంచి రక్తంలోకి కారిన పదార్థం కిడ్నీల మీద పడితే అలా వస్తుంది. మూడు రోజులు సెలైన్ పెట్టి పంపించారు.

అందుకే నేనిప్పుడు అంకె కన్నా మనిషినే చూస్తున్నాను. తల తిరగడం, వాంతి, మాట తడబడటం, గంట దాటినా వేడి దిగకపోవడం, ఇవి ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవడమే. పరుగు లేని రోజు కూడా ఊరికే కూర్చున్నప్పుడు 100.4 ఉంటే అది జ్వరమే, ఆ రోజు గ్రౌండ్ మానుకోవాలి, వైరల్ జ్వరంతో పరుగెత్తితే ఒక్కోసారి గుండె కండరానికి ముప్పు. రోజూ సాయంత్రం సన్నగా కాస్తూ, రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం ఉంటే టీబీ ఏమో చూసే కఫం పరీక్ష సర్కారీ ఆసుపత్రిలో ఉచితం, సిగ్గుపడకుండా పోవాలి. వేడి తట్టుకోలేకపోవడం, గుండె దడ, చేతులు వణకడం అయితే థైరాయిడ్ చూపించుకోవాలి.

మా అమ్మ మాత్రం ఇప్పటికీ గుమ్మం దగ్గరే కాచుకుంటుంది. గంటాగి చూడమ్మా అంటే "గంటాగితే ఇంక చూసేదేముందిరా" అంటుంది.